ఒక వాషర్ లెక్క

(జాతీయ అంతరిక్ష దినోత్సవం రోజు అనంతపురంలోని ఒక డిగ్రీ కాలేజీలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, ఫిజిక్స్ మేష్టార్లకు, పిల్లలందరికీ నమస్కారం. అందరి పేర్లూ చదవమని నా చేతికో కాగితం ఇచ్చారు. చదువుతూ కూర్చుంటే నాకిచ్చిన అరగంటలో సగం దానికే సరిపోతుంది. పెద్దలు ఏమీ అనుకోవద్దు, కాగితం జేబులో పెట్టుకుంటున్నాను. ఆ శాలువా కూడా ఈ ఉక్కలో ఇప్పుడే వద్దు, తర్వాత చూద్దాం.

ఆగస్టు 23 అంటే చంద్రయాన్-3 చందమామ మీద దిగిన రోజు. ఈ రోజు ఏ కాలేజీలో చూసినా దాని గురించే చెబుతారు. నేను మాత్రం దాని తర్వాత పది రోజులకు బయలుదేరిన ఆదిత్య ఎల్1, అదే సూర్యుణ్ణి పరిశీలించే మన నౌక, దాని గురించి మాట్లాడతానని ముందే చెప్పాను. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ57 రాకెట్ మీద వెళ్ళింది. చందమామ సంబరంలో దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. మా వీధిలో ఒకాయన అయితే "సూర్యుడి దగ్గరికి పోతే కాలిపోదా సార్?" అన్నాడు. అంత దూరం పోలేదు నాయనా! అది మన నుంచి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. చందమామ కంటే నాలుగు రెట్లు దూరం, సూర్యుడి దాకా లెక్కేస్తే నూటికి ఒక వంతే. అక్కడ ఎల్1 అనే బిందువుంది, సూర్యుడి ఆకర్షణ, భూమి ఆకర్షణ కలిసి నౌకను భూమితో పాటే నడిపించే చోటది. దాని చుట్టూ తిరుగుతూ ఉంటే భూమి అడ్డం రాదు, రాత్రి అనేది ఉండదు, సూర్యుణ్ణి రెప్ప వేయకుండా చూడొచ్చు. 2024 జనవరి 6న ఆ కక్ష్యలోకి చేరింది.

రాకెట్ ఎగరడం టీవీలో గంట సేపు చూపిస్తారు. ఆ గంట వెనక ఎన్నేళ్ళుందో ఎవరూ చూపించరు. 2008 ప్రాంతంలో అనుకున్నది వేరే. 400 కిలోల చిన్న ఉపగ్రహం, ఒకే ఒక్క పరికరం, భూమికి 800 కిలోమీటర్ల ఎత్తులో తిరగడం, అంతే. తర్వాత ఎల్1 దాకా పంపాలనుకున్నారు. అలా అనుకోగానే లెక్కలన్నీ మారిపోయాయి. ఒక పరికరం ఏడయింది, బరువు 1,400 కిలోలు దాటింది.

ఏడు పరికరాలంటే పెళ్ళికి ఏడు వైపుల నుంచి ఏడుగురు వియ్యంకులు దిగినట్టు. సూర్యుడి బయటి వాతావరణాన్ని, అంటే కరోనాను చూసేది బెంగుళూరు భారత ఖగోళ భౌతిక సంస్థది. అతినీలలోహిత కిరణాల్లో ఫొటోలు తీసేది పూనాలోని ఐయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థది. సూర్యుడి నుంచి వీచే సౌరగాలిలో కణాలను పట్టేది ఒకటి అహ్మదాబాదు నుంచి, ఇంకొకటి తిరువనంతపురం నుంచి. రెండు ఎక్స్ రే పరికరాలు, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది బెంగుళూరులోని ఇస్రో కేంద్రాలవి. ఒక్కొక్కరికీ ఇంత కరెంటు కావాలి, ఇంత చల్లదనం కావాలి, నా ముందు ఎవరూ అడ్డం ఉండకూడదు. అందరికీ సరిపెట్టి, ఎవరి బోల్టు ఎక్కడ పడాలో, ఎవరి వైరులో ఎన్ని వోల్టులు పోవాలో కాగితం మీద రాసి సంతకాలు పెట్టించాలి. ఒకరు ఒక్క అంగుళం జరిపితే మిగతా కాగితాలన్నీ మళ్ళీ రాయాలి. ఈ బండినంతా నడిపిన ప్రాజెక్టు డైరెక్టరు నిగార్ షాజీ గారు, తమిళనాడు తెన్‌కాశి జిల్లా నుంచి వచ్చిన ఆడపడుచు. ముందు వరసలో కూర్చున్న అమ్మాయిలు ఆ పేరు రాసుకోండి.

ఆ కరోనా పరికరం, వీఈఎల్‌సీ, దాని గురించి ఒక మాట. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా వెలుగు సూర్యబింబం వెలుగులో పది లక్షల్లో ఒక వంతు ఉంటుంది. బింబం నుంచి వచ్చే వెలుతురునంతా బయటికి తోసేసి, ఆ మిగిలిన పిసరంత వెలుగును పట్టుకోవాలి. అద్దం మీద దుమ్ము రేణువు పడిందా, దాని మీద పడ్డ బింబం వెలుగు చెదిరి కరోనాను ముంచేస్తుంది. అందుకే దాన్ని బెంగుళూరు పక్కన హోస్కోటెలో ఒక క్లీన్ రూములో, అంటే దుమ్ము చొరబడని గదిలో కట్టారు. అక్కడ పనిచేసేవాళ్ళు సెంటు కొట్టుకోకూడదని అప్పట్లో పేపర్లలో కూడా వచ్చింది. మీరంతా నవ్వుతున్నారు. సెంటులో ఉండే ఆవిరి అద్దానికి అంటుకుంటే అంతరిక్షంలో తుడిచేవాడెవడు?

ఆదిత్య కోసం నేను పనిచేయలేదు, అప్పటికే రిటైరయ్యాను. ఉపగ్రహాల్లోకి వెళ్ళే ఎలక్ట్రానిక్ పెట్టెలను బిగించే చోట క్వాలిటీలో ఉండేవాణ్ణి. సౌరగాలి గురించి, తుఫానుల గురించి చెప్పాలని చాలా రాసుకొచ్చాను. కానీ క్లీన్ రూము అనగానే నా మనసు ఒక వాషర్ మీదికి, స్క్రూ కింద వేసే చిన్న బిళ్ళ మీదికి పోతుంది. కొంచెం ఓపిక పట్టండి.

క్లీన్ రూములోకి పోయేటప్పుడు గడప దగ్గర జిగురు చాప ఉంటుంది, చెప్పుల దుమ్ము దానికంటుకుంటుంది. తల నుంచి కాలి దాకా తెల్ల గౌను, చేతికి గ్లౌజులు, మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ. స్క్రూలూ వాషర్లూ ట్రేలో లెక్కపెట్టి ఇస్తారు. షిఫ్టు అయ్యేసరికి బిగించినవి, మిగిలినవి కలిపి ఇచ్చిన లెక్కకు సరిపోవాలి. ఒక రాత్రి ఐటీఐ చదివిన కుర్రాడొకడు, ధర్మవరం వైపు పిల్లవాడు, లెక్క చూసుకుంటే ఒక వాషర్ తక్కువొచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాడు. తక్కువే. చుట్టుపక్కల ఎవరూ లేరు. జేబులోంచి ఒకటి తీసి ట్రేలో వేసినా అడిగేవాడు లేడు. వాడు లాగ్ బుక్కు తీసి రాశాడు: "ఒక వాషర్ లెక్కకు రాలేదు."

పొద్దున ఆ పెట్టె, రాకెట్ కుదుపులకు తట్టుకుంటుందో లేదో చూసే వైబ్రేషన్ పరీక్షకు పోవాలి. పై అధికారికి టెన్షన్. "ట్రే దగ్గరే ఎక్కడో పడుంటుంది, కొట్టెయ్ ఆ లైను" అన్నాడు. వాడు కొట్టెయ్యలేదు. మాట్లాడనూ లేదు, తలొంచుకుని నిలబడ్డాడు. రూలు ప్రకారం పని ఆపాల్సి వచ్చింది. పెట్టె విప్పారు. వైర్ల కట్ట కిందికి దూరి, కనెక్టరు వెనకాల ఉంది వాషర్. భూమి మీద అక్కడే కూర్చునుండేదేమో. బరువు లేని చోట తేలుతూ వెళ్ళి రెండు పిన్నుల మధ్య పడితే షార్టు. కోట్ల రూపాయల ఉపగ్రహం బూడిద.

ఇప్పుడు నా కడుపుమంట వినండి. ఆ కుర్రాణ్ణి ఎవరైనా మెచ్చుకున్నారా? షెడ్యూలు ఆలస్యమైంది. ఆ ఆలస్యం వాడి సెక్షను ఖాతాలో రాశారు. తర్వాత మీటింగులో "ఎందుకు ఆలస్యమైంది" అని అడిగారు తప్ప "ఎవరు చూశారు" అని అడగలేదు. ఆ సంస్థ పేరు చెప్పను, మంచి పని చేసే చోటే అది. అయినా చెబుతూనే ఉంటాను, ఎక్కడ మైకు ఇచ్చినా చెబుతాను. వాడి పేరు మీద ఒక చప్పట్లైనా పడాలి కదా? కొట్టండి.

సరే. తప్పును ఉన్నదున్నట్టు రాయాల్సిన పని ఒక్క మన దగ్గరే కాదు. సోహో అని యూరప్, అమెరికా వాళ్ళు కలిసి 1995 డిసెంబరులో పంపిన సూర్య నౌక ఉంది, అదీ ఎల్1 దగ్గరే. 1998 జూన్‌లో కమాండ్లు మార్చేటప్పుడు పూర్తిగా సరిచూడకపోవడంతో అది అదుపు తప్పి, తిరుగుతూ మూగబోయింది. రాడారుతో వెతికి ఎక్కడుందో పట్టుకున్నారు. ఆగస్టులో సిగ్నల్ దొరికింది, సెప్టెంబరులో మళ్ళీ సూర్యుడి వైపు తిప్పారు. వాళ్ళు చేసిన మంచి పనేమిటంటే, విచారణ జరిపి నౌకలో లోపం లేదు, తప్పు నడిపినవాళ్ళదే అని రిపోర్టు రాసి బయట పెట్టారు. రెండేళ్ళ కోసం కట్టిన ఆ నౌక ఆ తర్వాత పాతికేళ్ళ పైన పనిచేసింది.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. ప్రిన్సిపాల్ గారూ, కోపం తెచ్చుకోవద్దు. ఈ మధ్య ఒక కాలేజీలో ఫిజిక్స్ రికార్డులు నాకు చూపించారు. మీది కాదులెండి. సింపుల్ పెండ్యులం. అందరికీ జీ విలువ, అంటే భూమి లాగే వేగం లెక్క, సరిగ్గా 980. మొదటి పిల్లవాడి పుస్తకంలో ఒక చోట ఇంకు చెదిరి 7 కాస్తా 1 లాగా కనబడింది. క్లాసు మొత్తం 1 రాశారు! ఒక్కడికీ, ఒక్క అమ్మాయికీ ఇదేంటని అనుమానం రాలేదు. వెనక బెంచీ వాళ్ళు, నవ్వేది మీ గురించే. స్టాప్ వాచీ పట్టుకుని, 965 వస్తే 965 అని రాసి, ఫ్యాను గాలికి దారం ఊగిందని కింద రాసుకుంటే మార్కులు పోతాయని భయం. మేష్టార్లు కూడా 980 రాకపోతే మార్కులు కోసేస్తున్నారు. ఆ భయం పెట్టేది మనమే, పిల్లల్ని అని ఏం లాభం?

ఓర్వకల్లులో, నంబులపూలకుంటలో కనుచూపు మేర సోలార్ పలకలు పరిచిన సీమ ఇది. రేపు సూర్యుడి నుంచి ఒక్కసారిగా కణాలు ఎగసిపడే పెద్ద సౌర తుఫాను వస్తే ఉపగ్రహాలకు, కరెంటు గ్రిడ్డుకు ముప్పే. 1989 మార్చిలో కెనడాలోని క్విబెక్‌లో అలా దాదాపు తొమ్మిది గంటలు కరెంటు పోయింది. ఆదిత్య డేటాను ఇస్రో అందరికీ తెరిచింది, మీరూ చూడొచ్చు. అయితే రీడింగును సొంతంగా రాయడం చేతనైనవాడికే దానితో పని.

టైమైందని సైగ చేస్తున్నారు. నేనొక చిన్న టెలిస్కోపు తెచ్చాను, ఆవరణలో వేపచెట్టు పక్కన పెట్టించాను. అందులోంచి కన్ను పెట్టి చూడకూడదు, ఎవరూ చూడొద్దు, చూపు పోతుంది. సూర్యబింబం తెల్ల అట్ట మీద పడుతుంది, దాన్ని చూడండి. మచ్చలుంటే పెన్సిలుతో వాటి చోటు గుర్తుపెట్టి, పక్కన టైము రాయండి. మబ్బు అడ్డమొచ్చి ఏమీ కనబడకపోతే "కనబడలేదు" అని రాసి సంతకం పెట్టండి. సెక్షనుకు పదిమంది చొప్పున రండి. శాలువా ఆ తర్వాత కప్పించుకుంటాను.