లైసెన్సు ఎవరి పేరు మీదుంది?

అందరికీ నమస్కారం అండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, బిర్యానీ ఎలాగూ ఎనిమిదింటికి గానీ రాదంట. నన్ను పిలిచినవాళ్ళు ఏఐ గురించి ఏదైనా చెప్పమన్నారు, నాకు తెలిసింది కాంట్రాక్టులు, అందులోనూ ఇక్కడి, అంటే బ్రిటన్ పోలీసుల, సాఫ్ట్‌వేర్ లైసెన్సు కాంట్రాక్టులు ఒక కొనుగోలు సంస్థ నుంచి ఇంకో కొనుగోలు సంస్థకి మార్చే పని, అదే చెప్తా. మీలో సగం మంది వెండర్ల దగ్గర, అదే సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీల్లో, పనిచేస్తున్నారు కాబట్టి కొంచెం తిట్లు కూడా పడతాయి, ఏమీ అనుకోవద్దు.

ముందు ఒక మాట. చాలామంది లైసెన్సు అంటే కొనుక్కున్న వస్తువు అనుకుంటారు, డబ్బులు కట్టాం కదా మనదే కదా అని. కాదండీ. అది మన ఊళ్ళో ఆర్టీసీ బస్ పాస్ లాంటిది. డబ్బులు నువ్వే కట్టావు, కానీ పాస్ మీద నీ ఫోటో ఉంది, తమ్ముడికిచ్చి పంపిస్తే కండక్టర్ మధ్యలో దింపేస్తాడు. సాఫ్ట్‌వేర్ లైసెన్సులో ఫోటో బదులు ‘కస్టమర్’ అని ఒక పేరు ఉంటుంది, మొత్తం గొడవ అంతా ఆ పేరు దగ్గరే.

ఇప్పుడు ఆ పేరు ఎన్నిసార్లు మారిందో చూడండి. ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రాంతాలవారీగా 43 పోలీసు ఫోర్సులు ఉన్నాయి, ప్రతి ఫోర్సూ తన సిస్టమ్ తనే కొనుక్కుంటే ఖర్చు వాచిపోతుందని ఎప్పట్నుంచో ఎవరో ఒకళ్ళు అందరి తరఫునా కొనాలని చూస్తూనే ఉన్నారు. 1998లో పోలీసు ఐటీకి పిటో అని ఒక సంస్థ పెట్టారు, 2007లో దాన్ని ఎన్‌పీఐఏ అనే ఇంకో జాతీయ పోలీసు సంస్థలో కలిపారు, 2013లో ఎన్‌పీఐఏ కూడా మూసేశారు, పనులు హోమ్ ఆఫీసుకి, అంటే ఇక్కడి హోం శాఖకి, కొన్ని ఇంకో చోటికి కొన్ని పోయాయి, ఈలోగా 2012లో పోలీస్ ఐసీటీ కంపెనీ పుట్టింది, అదే 2021లో పోలీస్ డిజిటల్ సర్వీస్ అని పేరు మార్చుకుంది, అంతకుముందు ఏడాదే, 2020లో, బేరాలూ కొనుగోళ్ళూ చూడ్డానికి బ్లూలైట్ కమర్షియల్ అని ఇంకోటి వచ్చింది. 2024 నవంబర్‌లో అప్పటి హోమ్ సెక్రటరీ ఇవెట్ కూపర్ ఐటీ లాంటి ఉమ్మడి పనులన్నీ ఒక జాతీయ కేంద్రం కిందికి తెస్తాం అన్నారు. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పరీక్ష లేదు. బోర్డు మారిన ప్రతిసారీ ఎవరో ఒక మూల కూర్చుని పాత కాంట్రాక్టులన్నీ కొత్త పేరు మీదికి మార్చాలి, ఆ మూల కూర్చునే బ్యాచ్ మాది.

ఇంకో చిక్కు, ఫోర్సు తరఫున సంతకం ఎవరిది? మామూలుగా పీసీసీది. పీసీసీ అంటే గాంధీభవన్ కాదు, నవ్వకండి, పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్. 2012 నవంబర్‌లో ఎన్నికై వచ్చారు వీళ్ళు, అంతకుముందు పోలీస్ అథారిటీలు ఉండేవి. కాబట్టి మరీ పాత ఫైల్ తీస్తే కస్టమర్ పేరు దగ్గర ఫలానా పోలీస్ అథారిటీ అని కనిపిస్తుంది, ఆ అథారిటీ ఇప్పుడు లేనే లేదు. అయినా అప్పుడు పెద్ద ఇబ్బంది రాలేదు, ఎందుకంటే ఆ మార్పు చట్టంతో వచ్చింది, ఆస్తులూ కాంట్రాక్టులూ చట్టం కిందే కొత్తవాళ్ళకి పోయాయి. స్కాట్లాండ్‌లో 2013 ఏప్రిల్ 1న 8 ఫోర్సులు ఒకటైనప్పుడూ అంతే. మన దగ్గర 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కూడా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసుకున్న కాంట్రాక్టు ఇక నుంచి ఏ రాష్ట్రానిది అనుకోవాలో విభజన చట్టంలోనే రాసిపెట్టారు, ఒక్కో కంపెనీ దగ్గరికీ వెళ్ళి బాబ్బాబు సంతకం పెట్టమని అడగాల్సిన పని లేకుండా.

మా కేసు అలా కాదు. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పోతోంది, వెనకాల చట్టం లేదు. ఇంగ్లిష్ లా ప్రకారం కాంట్రాక్టులో మనకి రావాల్సింది అయితే ఇంకొకరికి రాసివ్వచ్చు, దాన్ని అసైన్‌మెంట్ అంటారు, అదీ కాంట్రాక్టులో వద్దని రాసి లేకపోతేనే. మనం కట్టాల్సింది, మోయాల్సింది మాత్రం అవతలివాడు ఒప్పుకోకుండా ఇంకొకరి నెత్తిన పెట్టలేం. అందుకని నోవేషన్ చెయ్యాలి, అంటే పాత కొనుగోలుదారు, కొత్త కొనుగోలుదారు, వెండర్, ముగ్గురూ సంతకం పెట్టాలి. మొదటి రెండు సంతకాలు ఒక మధ్యాహ్నంలో అయిపోతాయి. మూడోది ఉంది చూశారూ, అక్కడే బేరం మొదలవుతుంది.

నేను పనిచేసిన ఒక ట్రాన్స్‌ఫర్‌లో జరిగింది చెప్తా, వెండర్ పేరు అడగొద్దు, ఈ హాల్లోనే ఉండొచ్చు వాళ్ళ మనిషి. పేరు మార్పు ఫారం పంపాం, రెండు వారాలు చప్పుడు లేదు, తర్వాత తియ్యగా ఒక మెయిల్, ‘సంతోషంగా ఒప్పుకుంటాం, అయితే ఈ సందర్భంగా టర్మ్స్ కొంచెం కొత్తవి చేసుకుందాం’ అని. కొంచెం అంటే ఏంటంటే ఏటా రేటు ఇంత కంటే పెంచకూడదు అన్న క్లాజు తీసేయడం, ఇంకో మూడేళ్ళకి కట్టుబడటం. మాకేమో పాత సంస్థలో స్టాఫ్ వెళ్ళిపోయే తేదీ దగ్గరపడుతోంది, అది వాళ్ళకీ తెలుసు. మా మేనేజర్ ఒకావిడ, మహా గట్టి మనిషి, అసలు జవాబే ఇవ్వలేదు, వాళ్ళ క్వార్టర్ ఎండింగ్ దాకా ఆగి, కొత్త ఆర్డర్లన్నీ ఆపి, అప్పుడు ఫోన్ చేసింది, రెండ్రోజుల్లో సంతకం వచ్చింది పాత టర్మ్స్ మీదే. అందరికీ అంత ధైర్యం ఉండదు, నాకైతే లేదు.

తమాషా ఏంటంటే ఇదే పని వెండర్ వైపు చాలా తేలిక. 2021 అక్టోబర్‌లో క్యాపిటా అనే కంపెనీ తన పోలీసు సాఫ్ట్‌వేర్ బిజినెస్‌ని 62 మిలియన్ పౌండ్లకి ఎన్ఈసీ అనే ఇంకో కంపెనీకి అమ్ముతున్నట్టు ప్రకటించింది. ఇక్కడి కాంపిటీషన్ రెగ్యులేటర్ కలగజేసుకుంది, అది వేరే కథ. అలా కంపెనీని షేర్లతో సహా అమ్మేస్తే కాంట్రాక్టు మీద పేరు మారదు, ఓనర్ మాత్రం మారిపోతాడు, కంట్రోల్ మారితే మాకు చెప్పాలి అన్న క్లాజు మనం ముందే పెట్టుకోకపోతే మనల్ని అడిగే పనే లేదు. కొనేవాడు మాత్రం పేరు మార్చుకోడానికి వాళ్ళ గుమ్మం ముందు నిలబడాలి. అందుకే నేను ఎవరు కొత్త కాంట్రాక్టు రాస్తున్నా ఒకటే చెప్తా, మొదటి రోజే, వాళ్ళు ఇంకా మీ ఆర్డర్ కోసం నవ్వుతూ ఉన్నప్పుడే, ‘మా తర్వాత వచ్చే ఏ ప్రభుత్వ సంస్థకైనా ఫీజు లేకుండా, ఇదే రేటుకి బదిలీ చేస్తాం’ అని ఒక లైను రాయించుకోండి. తర్వాత అడిగితే ఆ లైనుకి రేటు ఉంటుంది.

కాగితం పక్కన పెడితే లెక్క ఇంకో తలనొప్పి. ట్రూ అప్ అనగానే మీకు కరెంటు బిల్లు గుర్తొస్తుంది కదా, ఇక్కడా దాదాపు అదే నొప్పి. పెద్ద ఎంటర్‌ప్రైజ్ అగ్రిమెంట్లలో ఏడాదికోసారి ఎంతమంది యూజర్లు పెరిగారో లెక్కేసి అదనం కట్టాలి. బదిలీ అడిగిన రోజే వెండర్‌కి ఈ లెక్క గుర్తొస్తుంది. ఫోర్సులో రిటైరైన వాళ్ళ అకౌంట్లు తీసెయ్యరు, స్పెషల్ కానిస్టేబుళ్ళని, అంటే జీతం లేకుండా పనిచేసే వాలంటీర్ పోలీసుల్ని, కలపాలా వద్దా తెలీదు, కంట్రోల్ రూమ్‌లో ఒకే కంప్యూటర్ మూడు షిఫ్టులవాళ్ళు వాడతారు, ఒకటా మూడా? మీ లెక్క మీరు ముందే తేల్చుకోకుండా లెటర్ పంపితే అయిపోయారు.

ప్రొక్యూర్‌మెంట్ చట్టం, అంటే ప్రభుత్వ సంస్థలు ఎలా కొనాలో చెప్పే చట్టం, గురించి గబగబా చెప్పేస్తా, నిద్రొస్తుంది లేకపోతే. 2025 ఫిబ్రవరి 24 నుంచి కొత్త చట్టం నడుస్తోంది, కానీ 2015 రూల్స్ కింద టెండర్ పిలిచి ఇచ్చిన కాంట్రాక్టు ఇప్పుడు పేరు మారినా పాత రూల్స్ కిందే ఉంటుంది. అంటే కొన్నేళ్ళపాటు ఒకే ఎక్సెల్ షీట్‌లో రెండు రకాల వరసలు. పేరు మార్పు వంకతో సైజూ రేటూ బాగా మార్చేస్తే ఇది కొత్త కాంట్రాక్టే, టెండర్ పిలవాలి అని పోటీదారు కోర్టుకెళ్ళొచ్చు. వెండర్ టర్మ్స్ మారుద్దాం అన్నప్పుడు మేం ఇదే చూపిస్తాం, బానే పనిచేస్తుంది.

డేటా మాత్రం కదలదు. కొనేది ఎవరైనా నేర రికార్డులకి బాధ్యుడు ఫోర్సు అధిపతి అయిన చీఫ్ కానిస్టేబులే, వెండర్ మనుషులకి చేసిన పోలీసు వెట్టింగ్, అదే వాళ్ళ పూర్వాపరాల తనిఖీ, కూడా పేరు మారిందని మళ్ళీ మొదట్నుంచి చెయ్యక్కర్లేదు, ఇది చెప్పకపోతే ఎవరో ఒకరు కంగారుపడి సిస్టమ్ యాక్సెస్ ఆపేస్తారు, చూశాను నేను.

ఇక బదిలీ రోజు. రాత్రి డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌కి ఏమీ తెలియకూడదు, పాస్‌వర్డ్ కొడితే స్క్రీన్ తెరుచుకోవాలి, అంతే. మాకు అది బానే అయింది, ఆ సోమవారం ఒక్క ఫోన్ రాలేదు. నాలుగు నెలల తర్వాత మూసేసిన పాత ఆఫీసు బిల్డింగ్ సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు, మీ పేరు మీద కవర్లు వస్తున్నాయి సార్ ఏం చెయ్యమంటారు అని. వెళ్ళి చూస్తే అన్నీ ఆ వెండర్ ఇన్వాయిస్‌లే, పాత పేరు మీద, చివరి రెండింటి మీద ఎర్ర సిరాతో బాకీ అని ముద్ర.

ప్రశ్నలుంటే అడగండి.