కృష్ణానగర్‌లో కడప కవి

సభకు నమస్కారం. సినిమా పాట గురించి మాట్లాడమన్నారు. నేను పాట రాయాలని పోయిన మావోడి గురించి చెప్తా. నవ్వుకోండి, ఏం కాదు.

కడపలో రాత్రి వెంకటాద్రి ఎక్కి, తెల్లారి కాచిగూడలో దిగినాడు. సంచిలో నోటుబుక్కులు, వాళ్లమ్మ కట్టిచ్చిన చెనిక్కాయల పొడి. కృష్ణానగర్‌లో ఇంకో ముగ్గురితో కలిసి గది. ఇద్దరు కాబోయే డైరెక్టర్లు, ఒకడు కాబోయే హీరో. ఆ ఇంట్లో ఇప్పటికే ఏదో ఒకటి అయినవాడు ఓనరొక్కడే.

ఎట్లనో ఒక మ్యూజిక్ డైరెక్టర్ దగ్గరికి చేరినాడు. నోటుబుక్కు తీయబోతే, "అవన్నీ వద్దు తమ్ముడూ, ట్యూన్ పంపిస్తా" అన్నాడాయన. ఫోన్‌కు ఆడియో వచ్చింది. అంతా "తానన తానన". మన సినిమాల్లో ఎక్కువ పాటలకు బాణీ ముందు పుడుతుంది, మాట వచ్చి అందులో ఇమడాల. "తానన" అంటే ఛందస్సులో ఒక గురువు, రెండు లఘువులు, అంటే పొడుగ్గా పలికే అక్షరం ఒకటి, పొట్టిగా పలికేవి రెండు. ఆ వరుసనే గణం అంటారు. అక్కడ "వెన్నెల" కుదురుతుంది, "కడప" కుదరదు. ఛందస్సు చదివినోడు గదా, రాత్రికి రాత్రే వెన్నెలతో మొదలుపెట్టి ప్రేమపాట రాసుకుపోయినాడు.

"బాగుంది. మీదే ఊరు?"

"కడప సార్."

ఆయన కుర్చీలో లేచి కూర్చున్నాడు. "ముందే చెప్పొద్దూ! వెన్నెల తీసేసి 'కత్తిని' పెట్టు. రెండో చరణంలో సుమోలు రావాలి."

"ఇది పెళ్లిచూపుల పాట సార్."

"మీ ఊళ్లో పెళ్లిచూపులకు కత్తి తీసుకెళ్లరా?"

మావోడికి తెలిసిన కత్తల్లా వాళ్లమ్మ వంకాయలు కోసే కత్తిపీట. అయినా పెట్టినాడు, అద్దె కట్టాల గదా. గణం మాత్రం తప్పలేదు!

పాట ఊరూరా మోగింది, వేరే పెద్దాయన పేరుతో. 2012లో కాపీరైట్ చట్టం సవరించి, టీవీలో, రేడియోలో సినిమా పాట వాడినప్పుడు రాసినోడికి రాయల్టీ వాటా ఇయ్యాలన్నారు. ఆ వాటా నిర్మాతకు రాసిచ్చినా చెల్లదన్నారు. భేషైన చట్టం. కానీ రాసింది నేనే అని చూపించాల గదా? 1503లో పోయిన తాళ్లపాక అన్నమయ్య కీర్తనలకు రాగిరేకులున్నాయి, పైన రాగం పేరుతో సహా. మావోడి సాక్ష్యమంతా వాట్సాప్‌లో ఉండె. ఫోన్ పగిలినప్పుడు అదీ పోయింది.

ఇప్పుడేం చేస్తున్నాడంటారా? ఇంకో ట్యూన్ వచ్చిందంట, ఈసారి అమ్మ సెంటిమెంట్. జోలపాటలో సుమో యాడ ఆపాల్నో తెలీక నిన్న నాకు ఫోన్ చేసినాడు.