సెస్నా 152 సొంతంగా కొంటే ఎంత ఖర్చు? గోదావరి గట్టు నుంచి నా రివ్యూ

నమస్కారం అండి. నా వెనక కనిపిస్తున్నది ధవళేశ్వరం బ్యారేజీ. దీనికి దిగువనే గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. ఆ చీలికను వెయ్యి అడుగుల ఎత్తులో, సొంత విమానంలో కూర్చుని చూడాలని చిన్నప్పటి నుంచి నాకు కోరిక. మధురపూడి విమానాశ్రయంలో లేస్తే అంతర్వేది తీరం 90 కిలోమీటర్ల లోపే. సెస్నా 152 అనే రెండు సీట్ల చిన్న విమానానికి అది అరగంట ప్రయాణం.

పడవ ఇంజిన్ల వీడియో కింద మీలో చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. రెండు సీట్ల విమానం కొనాలంటే ఎంతవుతుంది, మన ప్రాంతంలో దాన్ని ఉంచుకోగలమా అని. దీనికి నేను ఊహించి జవాబు చెప్పడం లేదు. నాలుగేళ్ల కిందట నేను, పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బావగారు, మస్కట్‌లో ఉద్యోగం చేసే మా స్నేహితుడు, ముగ్గురం కలిసి ఒకటి కొనబోయాం. బయానా దాకా వెళ్లాం. అప్పుడు నేర్చుకున్నదంతా ఈ రోజు మీ ముందు పెడతాను.

ముందు విమానం సంగతి. సెస్నా 152ను 1977 నుంచి 1985 వరకు తయారుచేశారు, ఏడున్నర వేలకు పైగా. అంటే ఇప్పుడు మీకు దొరికే వాటిలో అన్నిటికన్నా చిన్న వయసుది కూడా నలభై ఏళ్లది. వయసు విని భయపడకండి. విమానానికి వయసు కంటే దాన్ని చూసుకున్న తీరు ముఖ్యం. దీని రెక్కలు తల మీద ఉంటాయి కాబట్టి కిందనున్న నేలంతా కనిపిస్తుంది. కాలువలు, లంకలు చూడాలనుకునే మనకు అంతకంటే ఏం కావాలి! నడపడానికి ఓర్పు గల విమానం. అందుకే ప్రపంచమంతా దీని మీద విద్యార్థులకు నేర్పారు.

కానీ బరువు దగ్గర నిక్కచ్చిగా ఉండాలి. నిండు బరువు 757 కిలోలు దాటకూడదు. ఖాళీ విమానమే సుమారు 500 కిలోలు. ట్యాంకులు నింపితే ఇంధనం 70 కిలోలు. మిగిలేది 185 కిలోల చిల్లర. మా బావగారు, నేను కూర్చుంటే ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు నాలుగు పట్టవచ్చు, కొబ్బరికాయల బస్తా మాత్రం ఎక్కదు.

ఇక ధర. అమెరికాలో బాగున్న పాత 152 ఒకటి 40, 50 వేల డాలర్ల దగ్గర పలుకుతుంది. 50 వేలు అనుకుంటే మన డబ్బుల్లో సుమారు 45 లక్షలు. మంచి కారు ధరే కదా అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది. కానీ సొంత వాడకానికి తెచ్చుకునే విమానం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. 45 లక్షల మీద 18 లక్షలు అక్కడే పోతాయి. ఓడలో తేవడం, రెక్కలు విప్పి మళ్లీ బిగించడం, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర, భారత విమానాల గుర్తు అయిన వీటీ అక్షరాలతో రిజిస్టర్ చేయించడం, ఇవన్నీ వేరే. ఇలాంటి అదనపు ఖర్చులకు భయపడే అప్పట్లో మేం దేశంలోనే, ఒక శిక్షణ సంస్థ అమ్మకానికి పెట్టిన విమానాన్ని చూశాం. సంస్థ పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను.

ఇప్పుడు ఈ వీడియోలో అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తున్నాను.

విమానం చూడ్డానికి ముచ్చటగా ఉంది. కొత్తగా తెల్ల రంగు వేశారు, సీట్ల గుడ్డ మార్చారు. ఇంజిన్ వేస్తే ఒక్కసారికే అందుకుంది. బావగారు అప్పుడే బ్యాంకుకు ఫోను చేయబోయారు. మేం వెంట తీసుకెళ్లిన ఇంజినీరు గారు, రిటైరైన పెద్దాయన, ఇంజిన్ శబ్దం వినలేదు, రంగు చూడలేదు. విమానం ఎప్పుడు ఎంతసేపు ఎగిరిందో రాసే లాగ్‌బుక్కులు తెమ్మని, ఒక మూల కూర్చుని గంటసేపు తిరగేశారు. ఒక పేజీ మీద వేలు పెట్టి, "బాబూ, ఇక్కడి నుంచి ఇక్కడికి పధ్నాలుగు నెలలు ఎగిరినట్టు లేదు. ఈ విమానం ఎక్కడ ఉంది?" అని అడిగారు. అమ్మేవాళ్లు ఆరుబయటే ఉందన్నారు. "అయితే ఒక సిలిండర్ విప్పి చూడాలి" అన్నారాయన.

ఎందుకు విప్పాలో చెబుతాను. ఇందులో ఉండేది లైకమింగ్ ఓ-235 ఇంజిన్. ఈ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్, అంటే వాల్వులను తెరిపించే ఇరుసు, పైభాగంలో ఉంటుంది. ఇంజిన్ ఆగి ఉన్నన్నాళ్లూ దాని మీది ఆయిల్ మెల్లగా కిందికి జారిపోతుంది. వారాలు గడిస్తే అది ఒట్టి ఉక్కు. తేమ గాలి తగిలిందా, తుప్పు పడుతుంది. తర్వాత ఎప్పుడో ఇంజిన్ వేసినప్పుడు ఆ తుప్పు గరుకు కాగితంలా రాసుకుని ఉక్కునే తినేస్తుంది. బయట నుంచి ఏ శబ్దమూ రాదు.

సిలిండర్ విప్పారు. ఇదిగో ఆ రోజు నా ఫోనులో తీసిన ఫోటో. టార్చి వెలుగు పడిన చోట అద్దంలా మెరవాల్సిన క్యామ్ అంచు చూడండి. ఆవగింజల్లాంటి గుంటలు. నా చూపుడు వేలి గోరు పెట్టి లాగితే, ఒక్కొక్క గుంట దగ్గరా టక్కు టక్కుమని తగిలింది. ఆ స్పర్శ నాకు ఇప్పటికీ గుర్తుంది. అంతే, ఆ ఇంజిన్ మొత్తం విప్పి ఓవర్‌హాల్ చేయాల్సిందే. ఈ రకం ఇంజిన్ ఓవర్‌హాల్‌కు అమెరికాలోనే 30 వేల డాలర్ల పైమాట. విమానం ధరలో సగానికి పైగా ఆ గుంటల్లో ఉంది. మా బయానా పూర్తిగా తిరిగి రాలేదు. అయినా ఆ పెద్దాయనకు ఇచ్చిన ఫీజు నా జీవితంలో నేను పెట్టిన మంచి ఖర్చుల్లో ఒకటి.

ఆ విమానం ఉన్నది పొడి ప్రాంతంలో. మరి మన దగ్గర? కోనసీమలో ఇనుప గేటుకు ఏటా రంగు వేయకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. చెరువుల మీది ఏరియేటర్ల బోల్టులు రెండో పంటకే ఎలా ఉంటాయో బావగారిని అడగండి. సముద్రపు ఉప్పు గాలి, చుట్టూ నీళ్లు. ఇక్కడ విమానం ఎగరకుండా ఉన్న ప్రతి వారం ఖర్చే. వారానికోసారి నేల మీదే ఇంజిన్ వేసి ఆపేస్తే సరిపోతుంది కదా అని అడుగుతారు. సరిపోదు, ఇంకా చెడ్డది. ఇంజిన్ లోపలి తేమ ఆవిరైపోవాలంటే ఆయిల్ బాగా వేడెక్కాలి, అందుకు గాలిలోకి లేచి కనీసం అరగంటైనా ఎగరాలి. నేల మీద కాసేపు తిప్పితే కొత్త తేమ చేరుతుంది.

దీన్ని లెక్కలో చూడండి. తయారీదారు చెప్పిన ప్రకారం ఈ ఇంజిన్‌ను 2400 గంటలకు గానీ, 12 ఏళ్లకు గానీ, ఏది ముందైతే అప్పుడు ఓవర్‌హాల్ చేయాలి. ఖర్చు 30 లక్షలు అనుకుందాం. శిక్షణ సంస్థలో ఏడాదికి 500 గంటలు ఎగిరే విమానానికి 2400 గంటలూ పూర్తిగా వాడుకుంటారు కాబట్టి గంటకు 1250 రూపాయలు పడుతుంది. మనం సెలవు రోజుల్లో ఏడాదికి 50 గంటలు ఎగిరితే 12 ఏళ్లలో 600 గంటలే. అదే ఖర్చు గంటకు 5000. ఎక్కువ ఎగిరిన వాడికి తక్కువ, తక్కువ ఎగిరిన వాడికి ఎక్కువ. హ్యాంగర్ (విమానం ఉంచే షెడ్డు) అద్దె, ఇన్సూరెన్స్, విమానం ఎగరడానికి తగినట్టు ఉందో లేదో ఏటా చూసే ఎయిర్‌వర్తినెస్ తనిఖీ, అన్నిటికీ ఇదే లెక్క. ఆయిల్ కూడా 50 గంటలకు లేదా నాలుగు నెలలకు మార్చాల్సిందే, ఎగరలేదని మినహాయింపు లేదు.

తనిఖీల్లో ఒక చిన్న ఉదాహరణ. సెస్నాల్లో సీటు ముందుకు వెనక్కు జరిగే పట్టాలు ఉంటాయి. వాటికున్న రంధ్రాలు అరిగిపోతే పిన్ను జారుతుంది. విమానం ముక్కు పైకెత్తి లేస్తున్న క్షణంలో సీటు వెనక్కి జారితే, పైలట్ చేతిలోని స్టీరింగును పట్టుకునే వెనక్కి లాగేస్తాడు, ముక్కు మరీ పైకి లేచి విమానం పడిపోతుంది. ఇలా ప్రాణాలు పోయాయి. అందుకే ఆ పట్టాల అరుగుదలను ప్రతి 100 గంటలకూ కొలవాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఆదేశం ఇచ్చింది. ఇలాంటి ఆదేశాలు ఏ రకం విమానానికైనా ఒక కట్ట ఉంటాయి. వాటిలో ఒక్కటీ వాయిదా వేయకూడదు. ఇక్కడ డబ్బు మిగిల్చుకోవాలని చూసేవాళ్లు దయచేసి విమానం జోలికి రావద్దు.

తర్వాత, ఎక్కడ పెట్టాలి? "మా పొలంలోనే దిగుతాం" అని ఒకరు రాశారు. ఉత్సాహం నాకు నచ్చింది. కానీ 152 లేచి 50 అడుగుల ఎత్తు దాటడానికి తయారీదారు పుస్తకం లెక్కలో 410 మీటర్లు కావాలి. అది 15 డిగ్రీల చల్లని రోజున, గట్టి రన్‌వే మీద. మన మే నెల ఎండలో ఇంకా ఎక్కువ. మన కొబ్బరి చెట్లు చాలా చోట్ల 50 అడుగులు దాటి ఉంటాయి. ఆరు వందల మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు చదును చేయాలంటే మూడు ఎకరాలు. మన నల్లరేగడి ఒక్క వాన పడితే సైకిల్ చక్రాన్నే పట్టేస్తుంది, విమానం ముందు చక్రం దానికంటే చిన్నది. పైగా అనుమతులు రావాలి. నిజంగా దిగగలిగే చోటు మధురపూడే. అక్కడి రన్‌వే మూడు కిలోమీటర్ల పైన ఉంది, కానీ అది పెద్ద విమానాలు తిరిగే చోటు. ప్రతిసారీ ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ తీసుకోవాలి, పార్కింగుకు కట్టాలి.

తాళ్లతో కట్టి ఆరుబయట ఉంచే ఆలోచన పెట్టుకోకండి. 1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరి తోటలను ఎలా పడుకోబెట్టిందో మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2014లో హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయాన్నే చితగ్గొట్టింది. 500 కిలోల రేకు డబ్బా ఎంత? గట్టి హ్యాంగర్ దొరికితేనే కొనండి. ముందు హ్యాంగర్, తర్వాత విమానం.

ఇంధనం సంగతి. 152 గంటకు సుమారు 23 లీటర్ల ఏవ్‌గ్యాస్ తాగుతుంది. ఇది సీసం కలిపిన ప్రత్యేక పెట్రోలు. పెద్ద విమానాలకు పోసే ఏటీఎఫ్ కిరోసిన్ జాతిది, అది దీంట్లో పోస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఏవ్‌గ్యాస్‌ను ఒకప్పుడు పూర్తిగా విదేశాల నుంచే తెచ్చేవారు. 2022 నుంచి ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీలో తయారవుతోంది. అయినా బంకులో దొరికే సరుకు కాదు. డ్రమ్ముల్లో తెప్పించుకోవాలి, భద్రంగా దాచాలి.

మరి ఎన్‌సీసీ పిల్లలు ఎగిరే పిపిస్ట్రెల్ వంటి మైక్రోలైట్, అంటే ఇంకా తేలికైన చిన్న విమానం మంచిది కదా, దాని రోటాక్స్ ఇంజిన్ మామూలు పెట్రోలుతో నడుస్తుంది కదా అని అడుగుతారు. ఇంధనం తక్కువ తాగుతుంది, నాకు ఇష్టమైన ఇంజిన్. కానీ రోటాక్స్ 912లో ఇథనాల్ 10 శాతం వరకే ఒప్పుకుంటుంది తయారీ సంస్థ. మన బంకుల్లో ఇప్పుడు వస్తున్నది 20 శాతం కలిపిన ఈ20. రావులపాలెం బంకులో క్యాన్ నింపుకుని ఎగరడం కుదరదు.

లైసెన్సు గురించి క్లుప్తంగా. 17 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి, క్లాస్ 2 మెడికల్, అంటే వైద్య పరీక్ష సర్టిఫికెట్ ఉండాలి, కనీసం 40 గంటలు ఎగరాలి, పరీక్షలు రాయాలి. దానికయ్యే ఖర్చు మీద వేరే వీడియో చేస్తాను.

నా తీర్పు ఇది. ఏడాదికి 100 గంటలు ఎగరలేని వాళ్లు ఒంటరిగా కొనవద్దు. ఫ్లయింగ్ క్లబ్బులో గంట లెక్కన ఎగరండి. తుప్పు వాళ్లది, తనిఖీ వాళ్లది, ఆనందం మీది. కొనే తీరాలంటే నలుగురైదుగురు కలవండి. ఖర్చు పంచుకోవడానికి మాత్రమే కాదు, విమానం ఏ వారమూ నేల మీద పడుకోకుండా ఉండడానికి. మేం ముగ్గురమే, అందులో ఒకరు మస్కట్‌లో. మా లెక్క అక్కడే తప్పింది.

బావగారు ఇంకా ఆశ వదులుకోలేదు. నేనూ వదులుకోలేదు. ఇప్పుడు మాకు కావలసింది విమానం కాదు, ఇంకో ఇద్దరు భాగస్వాములు, తలుపులు గట్టిగా మూసుకునే ఒక హ్యాంగర్. రాజమండ్రి చుట్టుపక్కల అలాంటి చోటు మీ దృష్టిలో ఉంటే కామెంట్‌లో రాయండి. నేనే వచ్చి చూస్తాను.