తిరుపతి నుంచి పులికాట్‌కి: గాలిని, నీళ్ళను చూసి ఒక రోజు ప్లాన్

[దృశ్యం: మ్యాప్. తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, అక్కడి నుంచి దక్షిణానికి సూళ్లూరుపేట, తడ]

వాయిస్: తిరుపతి అంటే కొండే గుర్తొస్తుంది. కానీ 2022లో జిల్లాలు మారాక సూళ్లూరుపేట, తడ కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. చిలికా తర్వాత దేశంలోకెల్లా పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్ ఇప్పుడు మనకి రెండు గంటల దూరం. పాతవాళ్ళు ప్రళయకావేరి అంటారు దీన్నే.

చాలామంది ఆదివారం పొద్దున ఎనిమిదికి బయల్దేరి పదిన్నరకి చేరతారు. అప్పటికి పక్షులు ఎండమావిలో వణికే చుక్కల్లా ఉంటాయి. గాలి లేచి పడవ ఊగుతుంటుంది. నీడనిచ్చే చెట్టు ఒక్కటీ కనపడదు. "ఏముందిరా ఇక్కడ" అనుకుంటూ తిరుగుముఖం పడతారు. ఉండాల్సినవన్నీ అక్కడే ఉన్నాయి, వీళ్ళే నాలుగు గంటలు లేటు.

[దృశ్యం: నీళ్ళు నిండిన సరస్సు, తర్వాత పగుళ్ళిచ్చిన ఉప్పు నేల]

వాయిస్: ముందు నెల సంగతి. అక్టోబరు, నవంబరు వానలకి కాళంగి, ఆరణి నదుల నీళ్ళు సరస్సులోకి చేరతాయి. అప్పుడు నీళ్ళు దాదాపు చప్పగా ఉంటాయి. ఎండాకాలం వచ్చేసరికి అవే నీళ్ళు ఆవిరై సముద్రం కన్నా ఉప్పెక్కుతాయి, ఉత్తరం వైపు చాలా మేర ఎండిపోతుంది కూడా. సరస్సు ఎప్పుడూ లోతైనది కాదు, చాలాచోట్ల మీటరు లోపే.

ఫ్లెమింగోలు, అంటే మన రాజహంసలు, ఈత కొడుతూ మేసేవి కావు. కాళ్ళు నేలకి ఆనించి, తల తలకిందులుగా నీళ్ళలో ముంచి, ముక్కులోని జల్లెడతో చిన్న చిన్న పురుగుల్ని, నాచుని వడగట్టుకుంటాయి. కాబట్టి వాటికి మోకాలి లోతు నీళ్ళు కావాలి. వానలు ఇంకా పడుతుంటే నీళ్ళు ఎక్కువై పక్షులు రోడ్డుకి దగ్గరగా రావు. మార్చి దాటితే నీళ్ళు తగ్గి అవి దూరం వెళ్ళిపోతాయి. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా వెళ్తే పక్షులకీ, పడవకీ రెండింటికీ బాగుంటుంది. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ జనవరిలో పెట్టేదీ అందుకే. కాకపోతే పండగ రోజుల్లో మనుషులే ఎక్కువ కనపడతారు. పక్షుల కోసమైతే దానికి ముందో వెనకో ఒక మామూలు బుధవారం వెళ్ళండి.

తుపాను రోజుల్లో తీరం ఎక్కడ దాటుతుందని చూసి ధైర్యపడొద్దు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, కానీ అంతకు ముందే వాన మన జిల్లాని ముంచెత్తింది. వాతావరణ శాఖ జిల్లావారీ వాన హెచ్చరికలో తిరుపతి పేరుంటే ట్రిప్పు వాయిదా వేయండి.

[దృశ్యం: చీకట్లో కారు, డ్యాష్‌బోర్డు మీద 4:00]

వాయిస్: ఇక రోజు. తెల్లవారుజామున నాలుగుకి తిరుపతిలో బండి కదలాలి. నాయుడుపేట దగ్గర చెన్నై హైవే ఎక్కి కుడికి తిరిగితే ఆరుంబావు లోపు సూళ్లూరుపేట. జనవరిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. రైలైతే గూడూరు మీదుగా చుట్టు తిరగాలి, కారు లేనివాళ్ళకి బస్సే నయం. అయితే బస్సులో వెళ్ళేవాళ్ళు ముందు రోజు రాత్రే సూళ్లూరుపేట చేరి పడుకుంటే తప్ప ఈ టైం అందదు.

[దృశ్యం: సరస్సు మధ్యగా శ్రీహరికోట రోడ్డు, రెండు వైపులా నీళ్ళు]

వాయిస్: సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి వెళ్ళే రోడ్డు సరస్సుని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. పక్షుల్ని చూడటానికి ఇంతకన్నా సులువైన చోటు లేదు, టికెట్టూ లేదు. రోడ్డు పడమర నుంచి తూర్పుకి వెళ్తుంది. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయంలో లేచి దక్షిణం వైపుగానే తిరుగుతాడు. కాబట్టి ఎడమ వైపు, అంటే ఉత్తరం వైపు చూడండి. వెలుతురు మీ వెనక నుంచి పడి రెక్కల్లో గులాబీ రంగు తేలుతుంది. కుడి వైపు చూస్తే అదే పక్షి నల్లటి నీడే.

బైనాక్యులర్ మీద 8×42 అని ఉంటే చాలు. 10 రెట్లది చేతిలో వణుకుతుంది, పిల్లలకి అసలు కుదరదు. ఫోన్ జూమ్ మీద ఆశ పెట్టుకోకండి. ఎనిమిదిన్నర, తొమ్మిది దాటితే నీటి మీద గాలి వేడెక్కి ఎంత ఖరీదు లెన్సయినా బొమ్మ ఉడుకుతున్నట్టే వస్తుంది.

బండి పూర్తిగా రోడ్డు దించి ఆపండి. షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, ఉద్యోగుల బస్సులు అదే రోడ్డు మీద వేగంగా వస్తాయి. బండి దిగి గట్టు మీదే ఆగండి, నీళ్ళ వైపు నడవకండి. రెండు కారణాలు. ఒకటి, పక్షులు లేచిపోతాయి. మేత ఆపి ఎగిరిన ప్రతిసారీ వాటి ఒంట్లో శక్తి ఖర్చు. గాలిలోకి లేపి వీడియో తీయాలని చప్పట్లు కొట్టేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. రెండు, పైన ఎండినట్టు కనపడే ఉప్పు పొర కింద అడుసు ఉంటుంది. మోకాలి దాకా దిగితే చెప్పు అక్కడే వదిలేసి రావాలి. డ్రోన్ మాట ఎత్తొద్దు, పక్కనే రాకెట్ కేంద్రం. పాస్ లేకుండా శ్రీహరికోట దీవిలోకి వదలరు కాబట్టి చెక్‌పోస్టు దగ్గర వాదన పెట్టుకోకుండా వెనక్కి తిరగండి.

రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఈ ప్లాన్ మొత్తం పక్కన పెట్టండి. ఆ రోడ్డు బండ్లతో నిండిపోతుంది. ప్రయోగం చూడాలనుకుంటే అది వేరే ట్రిప్పు, గ్యాలరీ పాస్‌కి ఆన్‌లైన్‌లో ముందే పేరు నమోదు చేసుకోవాలి.

[దృశ్యం: టిఫిన్ ప్లేటు, తర్వాత భీమునివారిపాలెం రేవు]

వాయిస్: ఎనిమిదిన్నరకి సూళ్లూరుపేటలో టిఫిన్. ఆలస్యం చేయకుండా తడ మీదుగా భీమునివారిపాలెం. తొమ్మిదిన్నర లోపు పడవ ఎక్కాలి.

ఎందుకీ తొందర? రాత్రంతా నేల చల్లబడి పొద్దున గాలి నేల నుంచి నీటి వైపు మెల్లగా వీస్తుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కాక, సుమారు పదకొండు తర్వాత, సముద్రపు గాలి ఎదురు తిరుగుతుంది. లోతైన నీళ్ళలో అల సాగి వస్తుంది, పులికాట్ లాంటి పల్చటి నీళ్ళలో పొట్టిగా, నిట్టనిలువుగా, వెంటవెంటనే తగులుతుంది. పడవ ముందుకి పోవడం కన్నా ఎగిరి పడటం ఎక్కువ, పిల్లలకి వాంతులు. వెదర్ యాప్‌లో గాలి గంటకి 20 కిలోమీటర్లు దాటి చూపిస్తే చిన్న పడవ ఎక్కకండి. యాప్ లేకపోయినా అల తలల మీద తెల్ల నురగ కనపడటమే గుర్తు.

చాలామంది పోటు, ఆటు టైములు చూసుకుని వస్తారు. సముద్రానికి అది పనికొస్తుంది. సరస్సులో మాత్రం మొగకి, అంటే సముద్రంలో కలిసే చోటుకి, దూరం పోయే కొద్దీ పోటు ప్రభావం తగ్గుతుంది. ఇక్కడ నీటి మట్టాన్ని తేల్చేది పడిన వాన, మొగ తెరుచుకుందా ఇసుకతో పూడిందా, ఇంకా గాలి. అవి యాప్‌లో ఉండవు, పడవాయన్నే అడగాలి.

[స్క్రీన్ మీద: "అన్నా, ఇరకం దాకా నీళ్ళున్నాయా? నేలకి తగిలితే గెడ ఉందా? ఎంతమందిని ఎక్కిస్తావు? జాకెట్లు అందరికీ ఉన్నాయా?"]

వాయిస్: ఈ నాలుగూ డబ్బులిచ్చే ముందే అడగండి. ఇరకం దీవికి పోయే దారిలో నీళ్ళు తగ్గితే పడవ అడుసులో కూర్చుంటుంది. ఇంజను తిప్పితే ఫ్యాన్‌కి నాచు, వల చుట్టుకుని ఆగిపోతుంది. అప్పుడు గెడ వేసి నెట్టుకోవడమే దారి. నీళ్ళలో వరసగా పాతిన కర్రలు కనపడితే అవి వలలు కట్టినవి. వాటి మధ్యగా పోదామని పడవాయన్ని తొందరపెట్టకండి, తెగితే ఆ రోజు కూలి పోయేది ఇంకొకరిది.

[దృశ్యం: దగ్గరగా లైఫ్ జాకెట్, బెల్టు, బకిల్]

వాయిస్: జాకెట్ ఇచ్చారు కదా అని భుజాన వేసుకుని కూర్చుంటే లాభం లేదు. బకిళ్ళన్నీ పెట్టి, బెల్టులు లాగి, పక్కవాళ్ళని రెండు భుజాల దగ్గర పట్టి పైకి ఎత్తమనండి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే వదులు. నీళ్ళలో పడ్డాక కూడా అంతే, జాకెట్ తేలుతుంది, మనిషి కిందికి జారిపోతాడు. పిల్లలకి కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి. పెద్దవాళ్ళ జాకెట్‌ని ముడేసి పిల్లలకి తొడగడం మనవాళ్ళ అలవాటు. దానికి ఒప్పుకోకండి, సైజు లేకపోతే పిల్లల్ని పడవ ఎక్కించకండి. లోపలి ఫోమ్‌ని నొక్కి వదిలితే తిరిగి ఉబ్బాలి. చదునుగా ఉండిపోతే పాతబడిందని అర్థం.

పడవలు ఎక్కువగా ఒరిగేది ఒక్క క్షణంలోనే: ఎవరో "అటు చూడండి" అంటారు, అందరూ ఫోన్లు పట్టుకుని ఒకే వైపు లేస్తారు. కూర్చునే ఫోటో తీయాలని ఎక్కే ముందే తేల్చుకోండి.

దీవి ఒడ్డున దిగేటప్పుడు చెప్పులు కాదు, పాత బూట్లు. ఆల్చిప్పలు బ్లేడుల్లా కోస్తాయి. నీళ్ళలో అడుగు ఎత్తి వేయకుండా నేల మీద జరుపుతూ నడవండి. అడుసులో టేకు చేప (స్టింగ్‌రే) పడుకుని ఉంటే అలికిడికి తప్పుకుంటుంది, మీద కాలు పడితే తోక ముల్లుతో కొడుతుంది. కొడితే, చర్మం కాలనంత వేడి నీళ్ళలో కాలు అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి. ఆ వేడికి నొప్పి తగ్గుతుంది. తర్వాత ఆసుపత్రికి వెళ్ళి తీరాలి, ముల్లు ముక్క లోపల ఉండిపోవచ్చు.

నీళ్ళు మనిషికి మూడు లీటర్లు. పైన ఎండ, కింద నీటి మీద పడి తిరిగొచ్చే ఎండ, టోపీ ఒక్కటి దేనికీ ఆగదు. మెడ, చెవులు కప్పే తువ్వాలు ఉండాలి.

[దృశ్యం: నేలపట్టు చెరువు, కడప చెట్ల మీద గూడబాతులు]

వాయిస్: మధ్యాహ్నం చేపల పులుసు తిని, కాసేపు నడుం వాల్చి, మూడున్నరకి నేలపట్టు. ఇంటికి పోయే దారిలోనే, సూళ్లూరుపేటకి ఉత్తరాన, దొరవారిసత్రం మండలం. 1976 నుంచి పక్షుల అభయారణ్యం. చెరువు నీళ్ళలో మునిగి ఉండే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. పొద్దున అవి మేతకి పులికాట్‌కే వెళ్తాయి. సాయంత్రం నాలుగు తర్వాత గొంతు సంచి నిండా చేపలతో పిల్లల దగ్గరికి తిరిగొస్తాయి. వాచ్ టవర్ ఎక్కి ఆ రాకపోకలు చూడండి. నత్తగుల్ల కొంగలు, నీటి కాకులు కూడా అక్కడే. ఊరివాళ్ళు ఈ పక్షుల జోలికి పోరు. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువు మరి.

[దృశ్యం: తూపిలిపాలెం తీరం, విరిగే అలలు]

వాయిస్: "మరి సముద్ర స్నానం?" అదే రోజు పెట్టొద్దు. వాకాడు వైపు తూపిలిపాలెం వేరే దిక్కు, అలసిపోయిన మనుషుల్ని సాయంత్రం గాలిలో సముద్రంలోకి దింపడం తెలివైన పని కాదు. రాత్రి నాయుడుపేటలో ఉండి మర్నాడు పొద్దున వెళ్ళండి. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల పోటు, ఆటు రెండూ బలంగా ఉంటాయి, ఆ రోజులు వదిలేయడం మేలు. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈరోజు ఏడింటికైతే రేపు ఎనిమిదికి పది నిమిషాల ముందు. బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరిక చూడండి.

ఒడ్డున పది నిమిషాలు ఊరికే నిలబడి నీళ్ళను గమనించండి. రెండు పక్కలా అలలు విరుగుతూ, మధ్యలో ఒక పట్టీ మాత్రం ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనపడుతుంది. ఇక్కడ అలలు లేవు కదా అని పిల్లల్ని దింపేది సరిగ్గా అక్కడే. ఒడ్డుకి వచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈదకండి, ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. వెల్లకిలా తేలి, ఒడ్డుకి సమాంతరంగా అలలు విరిగే వైపు జరగాలి. బయట ఉన్నవాళ్ళు దూకొద్దు. మూత బిగించిన ఐదు లీటర్ల ఖాళీ క్యాన్‌కి తాడు కట్టి విసరండి, ముందే సిద్ధం చేసి ఒడ్డున పెట్టుకోండి. ఫోన్ 112, సముద్రంలో కోస్ట్ గార్డ్ 1554. స్వర్ణముఖి కలిసే మొగ దగ్గర మాత్రం ఏ టైంలోనూ దిగొద్దు.

[స్క్రీన్ మీద: గాలి ఎక్కువైతే?]

వాయిస్: రేవు దగ్గరికి వచ్చాక పడవాయన ఈరోజు వద్దు అంటే బేరం ఆడకండి, ఇంకో పడవ వెతకకండి. నేరుగా నేలపట్టుకి వెళ్ళిపోండి. గాలి ఎంతున్నా గూళ్ళలో పిల్లలుంటాయి, చెట్ల నీడ ఉంటుంది, సాయంత్రం దాకా కూర్చోవచ్చు.