రాడ్డు కన్నా ముందు బోల్టు

(అనంతపురంలో కాలేజీ రేస్ కారు బృందాల విద్యార్థులు, షెడ్ మెకానిక్‌ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఒక పక్క ఇంజనీరింగ్ విద్యార్థులు, ఇంకో పక్క ఏళ్ల తరబడి ఇంజన్లు విప్పి బిగించిన మేస్త్రీలు కూర్చున్నారు. ఇద్దరిదీ ఒకటే సమస్య. ఇంజన్‌ను రేసుకు తయారు చేయాలి, చేతిలో డబ్బు తక్కువ. అలాంటప్పుడు పిస్టన్‌ను క్రాంక్ షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్లు ఎలాంటివి వేయాలి? నా జవాబు ముందే చెప్పేస్తాను. డబ్బు మొదట బోల్టులకు పెట్టండి, తర్వాత మెషినింగ్‌కూ కొలతలకూ పెట్టండి, మిగిలినదాన్ని బట్టి రాడ్డు ఎంచుకోండి.

రాడ్డు ఎప్పుడు తెగుతుంది? పెట్రోలు మండి పిస్టన్‌ను కిందికి తోసినప్పుడని చాలామంది అనుకుంటారు. టర్బో లేని ఇంజన్‌లో అసలు గండం అక్కడ లేదు. మండిన గ్యాస్‌ను బయటికి తోసే ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర పిస్టన్ పైదాకా వెళ్లి వెనక్కి తిరిగే క్షణంలో ఉంది. అప్పుడు వాల్వులు తెరుచుకుని ఉంటాయి కాబట్టి పిస్టన్‌ను పైనుంచి ఆపే గ్యాస్ ఒత్తిడి ఉండదు. పైకి దూసుకుపోయేదాన్ని రాడ్డు ఒక్కటే పట్టి లాగాలి. ఆ లాగుడంతా చివరికి రాడ్డు కింది కొసను, అంటే బిగ్ ఎండ్‌ను, క్రాంక్ చుట్టూ మూసే క్యాప్‌ను పట్టుకున్న రెండు బోల్టుల మీద పడుతుంది.

లెక్క వేసి చూద్దాం. పాత ఎస్టీమ్‌లో, జిప్సీలో వచ్చిన మారుతి 1.3 లీటర్ ఇంజన్ స్ట్రోక్, అంటే పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం, 75.5 మి.మీ. పిస్టన్, పిన్ను, రాడ్డు పైభాగం కలిపి అర కిలో అనుకుందాం. 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర రాడ్డు మీద పడే లాగుడు సుమారు 1,000 కిలోలు. 8,000 దగ్గర అది దాదాపు 1,780 కిలోలు. వేగం మూడో వంతు పెరిగితే భారం ముప్పావు వంతుకు మించి పెరిగింది, ఎందుకంటే ఇది వేగానికి వర్గంగా పెరుగుతుంది. పైగా 8,000 దగ్గర ఈ లాగుడు నిమిషానికి 4,000 సార్లు వస్తుంది. అందుకే అమ్మేవాళ్లు "ఈ రాడ్డు ఇన్ని హార్స్‌పవర్ తట్టుకుంటుంది" అంటే నాకు సగం మాటే విన్నట్టు ఉంటుంది. ఎంత బరువు పిస్టన్‌తో, ఎంత ఆర్‌పీఎం దాకా అని అడగండి.

టర్బో పెట్టిన ఇంజన్ సంగతి వేరు. అక్కడ గ్యాస్ ఒత్తిడి రాడ్డును నొక్కి వంచేస్తుంది కాబట్టి నడుము బలం ముఖ్యం. రాడ్డు నడుము అడ్డుకోత హెచ్ ఆకారంలో (హెచ్ బీమ్) ఉండాలా, ఐ ఆకారంలో (ఐ బీమ్) ఉండాలా అన్న వాదనలో ఎక్కువసేపు ఉండను. సరిగా డిజైన్ చేసినవైతే రెండూ పనిచేస్తాయి.

కొనే ముందు మీ క్లాసు రూల్ పుస్తకం చదవండి. కొన్ని క్లాసుల్లో కంపెనీ రాడ్డు మార్చనివ్వరు. ఫార్ములా స్టూడెంట్ అనే కాలేజీ పోటీకి కారు చేసే పిల్లలకు ఇంకో మాట. మీ ఇంజన్ 710 సీసీ మించకూడదు, గాలి మొత్తం 20 మి.మీ. రెస్ట్రిక్టర్ అనే ఇరుకు రంధ్రం గుండానే రావాలి. పైవేగంలో ఇంజన్‌కు గాలే అందదు. మంచి స్థితిలో ఉన్న కంపెనీ రాడ్డు మీకు చాలు, ఆ డబ్బు ట్యూనింగ్‌కు, టైర్లకు పెట్టండి.

ఇక పాత రాడ్లనే బాగు చేయించడమా, కొత్తవి కొనడమా? పాత రాడ్లకు ముందు అయస్కాంతంతో పగుళ్లు పట్టే మాగ్నెటిక్ క్రాక్ టెస్ట్ చేయించాలి. తర్వాత షాట్ పీనింగ్ (సన్న గుళ్లతో కొట్టి పైపొరను గట్టిపరచడం), మంచి బోల్టులు. బోల్టు మారిస్తే క్యాప్ పట్టే తీరు మారి బిగ్ ఎండ్ గుండ్రం పోతుంది కాబట్టి రాయితో సన్నగా అరగదీసి గుండ్రం తెచ్చే హోనింగ్ మళ్లీ చేయించాలి. ఈ ఖర్చులన్నీ కలిపితే చాలాసార్లు 4340 స్టీలుతో ఫోర్జింగ్ చేసిన మధ్యరకం కొత్త సెట్టు ధరకు దగ్గరగా వస్తుంది. మన లేత్ షాపుల్లో ఈఎన్ 24 అంటారే, ఆ కోవ స్టీలే ఇది. అలా దగ్గరగా వస్తే కొత్తవే కొనండి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్, కొరియర్ కూడా కలిపి లెక్క వేయండి. ఈమధ్య కార్లలో ఒకే ముక్కగా తయారుచేసి, తర్వాత క్యాప్‌ను విరిచి వేరు చేసిన రాడ్లు వస్తున్నాయి. వాటి క్యాప్ ముఖాన్ని గ్రైండ్ చేసి సైజుకు తేవడం కుదరదు. క్యాప్‌లు తారుమారైతే ఆ రాడ్డు పనికిరాదు. టైటానియం తేలికే కానీ ఈ బడ్జెట్‌లో దాని జోలికి వెళ్లొద్దు. అల్యూమినియం డ్రాగ్ రేసుకు సరే, ఎక్కువ కాలం నిలవదు.

బోల్టుల దగ్గర మాత్రం బేరం ఆడొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. ఏఆర్‌పీ కంపెనీ 2000 రకం లాంటి బోల్టు చదరపు అంగుళానికి 2,20,000 పౌండ్ల లాగుడు బలం ఉన్నది. సరిగా బిగించినప్పుడే ఆ బలం మీకు దక్కుతుంది. బోల్టు గట్టి స్ప్రింగులా కొద్దిగా సాగి క్యాప్‌ను అదిమి పట్టాలి. అది వదులుగా ఉంటే ప్రతి లాగుడుకూ క్యాప్ సన్నగా తెరుచుకుని మూసుకుంటుంది, బోల్టు అలసి తెగిపోతుంది. టార్క్ రెంచి చూపే అంకెలో, అంటే తిప్పే బలంలో, ఎక్కువ భాగం మర దగ్గరా బోల్టు తల కిందా రాపిడికే పోతుంది. పొడి మరకూ, నూనె రాసిన మరకూ ఒకే టార్క్‌లో బిగువు చాలా తేడా వస్తుంది. అందుకని తయారీదారు చెప్పిన లూబ్రికెంటే రాసి, స్ట్రెచ్ గేజ్‌తో బోల్టు ఎంత సాగిందో కొలిచి బిగించండి. గేజ్ ఒక్కరు కొనలేకపోతే నాలుగు షెడ్లు కలిసి కొనుక్కోండి.

కొత్త సెట్టు వచ్చిందని నేరుగా ఇంజన్‌లో వేయకండి. క్యాప్‌ను పూర్తిగా బిగించి బిగ్ ఎండ్‌ను బోర్ గేజ్‌తో రెండు మూడు దిక్కుల్లో కొలవండి. జర్నల్ (బేరింగ్ కూర్చునే క్రాంక్ భాగం) వ్యాసం అంగుళానికి వెయ్యో వంతు అంగుళం చొప్పున బేరింగ్ క్లియరెన్స్, అంటే ఆయిల్‌కు వదిలే సందు, అన్నది పాత లెక్క. అక్కడినుంచి మొదలుపెట్టి మీ ఆయిల్‌కు తగ్గట్టు చూసుకోండి. నాలుగు రాడ్లనూ మొత్తంగానే కాక, పై కొసా కింది కొసా విడివిడిగా తూచి సరిచేయండి. స్టీలు గ్రేడు కంటికి కనిపించదు కాబట్టి హార్డ్‌నెస్ పరీక్ష చేయించండి. మన ఊళ్లో 1946 నాటి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, ఇప్పుడది జేఎన్‌టీయూ అనంతపురం వర్సిటీ కాలేజీ. ల్యాబున్న ఏ కాలేజీకైనా వెళ్లి అనుమతి అడగండి. విద్యార్థులారా, మేస్త్రీలను వెంటబెట్టుకుని వెళ్లండి. వాళ్ల చేతికి తెలిసినదానికి మీ అంకెలు తోడైతే ఇద్దరికీ లాభం.

విరిగిన ప్రతి రాడ్డూ రాడ్డు తప్పు కాదు. మన ఎండలో ఆయిల్ వేడెక్కి పలచబడి, మలుపుల్లో పంపుకు అందకపోతే బేరింగ్ పట్టేస్తుంది, తర్వాత రాడ్డు బ్లాకు పగలగొట్టుకుని బయటికొస్తుంది. నాలుగో గేరు నుంచి మూడుకు బదులు ఒకటిలో వేస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పేస్తాయి, ఇంజన్ వేగం హద్దు దాటకుండా ఆపే రెవ్ లిమిటర్ కూడా ఏమీ చేయలేదు. అలా ఒకసారి జరిగినా దాచకుండా మేస్త్రీకి చెప్పమని మీ డ్రైవర్‌కు గట్టిగా చెప్పండి. అప్పుడు బోల్టులు విప్పి చూడాల్సిందే.

అందుకే బిగించే ముందే ప్రతి బోల్టు పొడవూ మైక్రోమీటరుతో కొలిచి, ఏ రాడ్డులో ఏ పక్కదో నోట్‌బుక్కులో రాసుకోండి. మళ్లీ విప్పినప్పుడు ఏ బోల్టయినా పాత పొడవుకు రాకుండా సాగి ఉండిపోతే, చూడటానికి ఎంత కొత్తగా ఉన్నా పారేయండి. మీరు తెచ్చిన రాడ్లు ఆ బల్ల మీద పెట్టండి, బోల్టుల కొలతతో మొదలుపెడదాం.