సోర్స్ ఒకటి, బైనరీ మరొకటి అయితే?

వ్యాఖ్యాత: ఓపెన్ సోర్స్‌లో లోపల ఏముందో ఎవరైనా చూడవచ్చంటాం. కానీ కంప్యూటర్‌లో నడిచేది మనుషులు రాసే సోర్స్ కోడ్ కాదు, యంత్రానికి అర్థమయ్యే బైనరీ ఫైలు. అది ఆ సోర్స్ నుంచే వచ్చిందని నమ్మేదెలా? మేడమ్, ప్యాకేజీలు చూసేది మీరే కదా.

ప్యాకేజీ నిర్వాహకురాలు: చాలా కాలం మా మాట మీదే నమ్మారండి. డెబియన్ అనే లినక్స్ వ్యవస్థలో నిర్వాహకులు సొంత కంప్యూటర్‌లో బిల్డ్ చేసిన, అంటే సోర్స్ నుంచి తయారుచేసిన, బైనరీనే పంపేవారు. సోర్స్‌లో చేర్చని మార్పు అందులో మిగిలిపోతే ఎవరికి తెలుస్తుంది? 2019లో బస్టర్ అనే డెబియన్ విడుదల వచ్చాక, అలాంటి బైనరీలను తర్వాతి విడుదలలోకి రానివ్వడం మానేశారు. ఇప్పుడు బిల్డ్ చేసేవి డెబియన్ సర్వర్లే.

వ్యాఖ్యాత: ఆ సర్వర్‌లోకే ఎవరైనా చొరబడితే?

నిర్వాహకురాలు: అందుకే వేరేచోట మళ్ళీ బిల్డ్ చేసి పోల్చాలి. ఒక్క బైటు తేడా రాకూడదు. నేను మొదటిసారి చేసినప్పుడు ఒకే సోర్స్‌కు రెండు వేర్వేరు బైనరీలు వచ్చాయి. ఫైళ్ల మధ్య తేడాలు చూపే డిఫోస్కోప్‌తో విప్పి చూస్తే తేడా ఒక్క వరుసే: బిల్డ్ చేసిన గంట, నిమిషం! దాన్ని చేంజ్‌లాగ్‌లో, అంటే మార్పుల చిట్టాలో, ఉన్న తేదీకి కట్టేశాక రెండూ కలిశాయి.

భద్రతా ఇంజినీరు: అడ్డొస్తున్నాను, క్షమించాలి. 2024లో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి పెట్టిన ఉదంతంలో ఈ పోలిక పనికిరాదు. ఆ హానికర కోడ్ పరీక్ష ఫైళ్ల ముసుగులో గిట్‌లోనే, అంటే సోర్స్ మార్పులన్నీ నమోదయ్యే చోటే, ఉంది. దాన్ని లేపే మీట, బిల్డ్‌లో వాడే ఒక ఎం4 ఫైలు, 5.6.0, 5.6.1 విడుదలల టార్‌బాల్‌లలో, అంటే సోర్స్‌ను మూటకట్టి పంచే ఫైళ్లలో, మాత్రమే ఉంది. సోర్స్ పేరుతో పంచిందే కల్తీ అయితే, ఎన్నిసార్లు బిల్డ్ చేసినా తు.చ. తప్పకుండా అదే కల్తీ వస్తుంది.

నిర్వాహకురాలు: టార్‌బాల్‌ను గిట్‌తో పోల్చి ఉంటే దొరికేది కదా?

ఇంజినీరు: బిల్డ్‌కు కావలసిన స్క్రిప్టులను తయారుచేసే ఆటోటూల్స్ వాడితే, టార్‌బాల్‌లో గిట్‌లో లేని ఫైళ్లు ఎప్పుడూ ఉంటాయి. వాటిలో కాన్ఫిగర్ స్క్రిప్టు ఒక్కటే వేల వరుసలు. ఆ గడ్డివాములో ఒక పరక అదనంగా ఉంటే ఎవరు చూస్తారు?

వ్యాఖ్యాత: మరి బయటపడిందెలా?

ఇంజినీరు: దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్‌కు అనుమానం వచ్చింది. తవ్వుకుంటూ పోయి మార్చి 29న బయటపెట్టారు. మన తనిఖీలేవీ పట్టలేదు.

నిర్వాహకురాలు: నేనైతే ఇప్పుడు టార్‌బాల్ ముట్టుకోవడం లేదు. నేరుగా గిట్‌లో విడుదలకు పెట్టే పేరు, ట్యాగు నుంచే ప్యాకేజీ చేస్తున్నాను.

ఇంజినీరు: రేపు ఆ ట్యాగునే వేరే కమిట్ మీదికి, అంటే గిట్‌లో నమోదైన వేరే మార్పు మీదికి, జరిపితే?

నిర్వాహకురాలు: ఆ కమిట్‌ను గుర్తించే హ్యాష్ కూడా రాసిపెట్టుకుంటున్నాను లెండి.