10-బిట్ రికార్డింగ్: ఎక్కడ అక్కరకొస్తుంది, ఎక్కడ రాదు

[తెరపై: ఒకే సాయంత్రపు ఆకాశం, రెండు షాట్లు పక్కపక్కన. పేర్లు లేవు.]

ఈ రెండిట్లో ఒకటి 8-బిట్, ఇంకోటి 10-బిట్. ఏది ఏదో పట్టుకోండి చూద్దాం. పట్టుకోలేకపోయినా ఫర్వాలేదు. కెమెరా నుంచి వచ్చింది వచ్చినట్టు చూపిస్తే ఎవరికైనా కష్టమే. ఇప్పుడు రెండిటికీ ఒకే లట్ (రంగులను ఒక లుక్‌కు మార్చే పట్టిక) వేసి, కాంట్రాస్ట్ కాస్త పెంచుదాం.

[తెరపై: ఎడమ షాట్ ఆకాశంలో పట్టీలు తేలతాయి. కుడి షాట్ నునుపుగానే ఉంటుంది.]

ఎడమ పక్కన ఆకాశం చారలు చారలుగా విడిపోయింది. దీన్నే బ్యాండింగ్ అంటారు. షూట్ చేసినప్పుడు కంటికి కనపడని తేడా, గ్రేడింగ్‌లో, అంటే రంగులూ వెలుగూ సరిచేసే పనిలో, బొమ్మను సాగదీశాక బయటపడింది. కాబట్టి "10-బిట్ అవసరమా?" అని అడిగేముందు "ఈ ఫుటేజ్‌ను నేను ఎంత సాగదీయబోతున్నాను?" అని అడగాలి.

[తెరపై: నలుపు నుంచి తెలుపుకు మెట్లు. 256, తర్వాత 1024.]

8-బిట్ అంటే ఒక్కో ఛానెల్‌కు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) 256 మెట్లు. 10-బిట్‌లో 1024. 12-బిట్‌లో 4096. మూడు ఛానెళ్లనూ గుణిస్తే 8-బిట్‌కు 1.67 కోట్ల రంగులు, 10-బిట్‌కు 107 కోట్ల రంగులు. ఈ కోట్ల లెక్క కెమెరా అమ్మేవాళ్లకు పనికొస్తుంది గానీ మనకు కాదు. మనకు కావాల్సింది ఒక ఆకాశంలోనో, ఒక గోడమీదో, ఒక చెంప మీదో ఉన్న చిన్న వెలుగు తేడాకు ఎన్ని మెట్లు దక్కాయన్నదే. పైగా మామూలు వీడియోలో 256 మొత్తం వాడరు. వెలుగుకు 16 నుంచి 235 వరకే, అంటే 220 మెట్లు. 10-బిట్‌లో 64 నుంచి 940 వరకు, 877 మెట్లు.

ఇక్కడే ఒక అపోహ తీసేద్దాం. బిట్లు పెరిగితే డైనమిక్ రేంజ్ (చీకటి నుంచి వెలుగు దాకా కెమెరా పట్టే మేర) పెరగదు. నిచ్చెన ఎత్తు సెన్సర్ చేతిలో, కెమెరా కర్వ్ చేతిలో ఉంటుంది. బిట్ డెప్త్ ఆ నిచ్చెనకు ఎన్ని మెట్లున్నాయో చెబుతుంది, అంతే. 8-బిట్‌లో కూడా లాగ్ కర్వ్‌తో (ఎక్కువ వెలుగు తేడాను కుదించి రాసే పద్ధతి) 14 స్టాప్‌లు ఇరికించొచ్చు. స్టాప్ అంటే వెలుగు రెట్టింపయ్యే ఒక్కో అంచె. మెట్ల మధ్య దూరం ఎక్కువైపోతుంది, అదీ ఇబ్బంది.

[తెరపై: ఎస్-లాగ్3 కర్వ్, పక్కన రెక్.709 కర్వ్. మధ్య గ్రే దగ్గర ఒక స్టాప్ వెడల్పు గుర్తు.]

ఎంత ఎక్కువ? సోనీ లాగ్ కర్వ్ ఎస్-లాగ్3 సూత్రం అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి లెక్క వేసి చూడొచ్చు. మధ్య గ్రే 10-బిట్‌లో 420వ మెట్టు దగ్గర ఉంటుంది. అక్కణ్నుంచి పైకి ఒక్కో స్టాప్‌కు సుమారు 79 మెట్లు. అదే ఎస్-లాగ్3ని 8-బిట్‌లో రికార్డ్ చేస్తే స్టాప్‌కు దక్కేవి 20 మెట్లు. ఇప్పుడు మామూలు వీడియో ప్రమాణమైన రెక్.709 సూత్రం చూడండి. మధ్య గ్రే పైన ఒక స్టాప్‌కు 8-బిట్‌లోనే సుమారు 41 మెట్లు. అంటే 8-బిట్ లాగ్‌ను లట్ వేసి మామూలు బొమ్మగా మార్చినప్పుడు, ఉన్న 20 మెట్లను 41 మెట్ల జాగాలో పరచాలి. పిండి కొద్దీ రొట్టె. మధ్యలో ఒకటి విడిచి ఒకటి ఖాళీ.

[తెరపై: గ్రేడ్ చేసిన 8-బిట్ లాగ్ షాట్ హిస్టోగ్రామ్. దువ్వెన పళ్లలా విడివిడి గీతలు.]

ఆ ఖాళీలే హిస్టోగ్రామ్‌లో (ఏ మెట్టు మీద ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే పటం) ఇలా దువ్వెన పళ్లలా కనపడతాయి. ఇదే విషయాన్ని తెరమీద కొలుద్దాం. 3840 పిక్సెళ్ల వెడల్పు ఫ్రేమ్ నిండా ఆకాశం ఉంది, ఈ చివరి నుంచి ఆ చివరికి వెలుగు తేడా అర స్టాప్ అనుకోండి. 8-బిట్ ఎస్-లాగ్3లో ఆ అర స్టాప్‌కు 10 మెట్లే. ఒక్కో పట్టీ వెడల్పు 384 పిక్సెళ్లు. గ్రేడ్ చేశాక ఒక్కో పట్టీ అంచు దగ్గర రెండు మెట్ల దూకుడు. కన్ను దాన్ని ఇట్టే పట్టేస్తుంది. 10-బిట్‌లో అదే ఆకాశానికి 39 మెట్లు, దూకుడు నాలుగో వంతు.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి దాగుంది. 8-బిట్ మామూలు ప్రొఫైల్‌లో (కెమెరాలోని పిక్చర్ సెట్టింగ్) మధ్య వెలుగులకు స్టాప్‌కు 41 మెట్లున్నాయి, 8-బిట్ లాగ్‌లో 20 ఉన్నాయి. అంటే 8-బిట్ కెమెరాలో లాగ్ పెట్టుకుంటే ముఖాలకూ గోడలకూ దక్కే మెట్లు సగానికి పడిపోతాయి. హైలైట్లలో కొంత దక్కుతుంది, మధ్యలో పోతుంది. 8-బిట్ మాత్రమే రికార్డ్ చేసే కెమెరాతో లాగ్ వాడొద్దనడానికి కారణం ఇదే. సోనీ ఏ7 3 లాంటి 8-బిట్ కెమెరాల్లో సినీ4 లాంటి మెత్తటి గామా (వెలుగు కర్వ్) మేలు, లేదా మామూలు ప్రొఫైల్‌లో కాంట్రాస్ట్ కాస్త తగ్గించి పెట్టుకోవచ్చు.

8-బిట్‌లో వైట్ బ్యాలెన్స్ కూడా షూట్ చేసేటప్పుడే సరిగ్గా పెట్టేయాలి. పసుపు దీపాల కింద డేలైట్ సెట్టింగ్‌తో మామూలు ప్రొఫైల్‌లో తీశారంటే, తర్వాత నీలం ఛానెల్‌ను బాగా పెంచాల్సి వస్తుంది. పెంచినకొద్దీ ఆ ఛానెల్‌లో మెట్ల మధ్య ఖాళీలు పెరుగుతాయి. ముందు చెడిపోయేది చర్మం రంగు, నీడ పక్కన మచ్చలు మచ్చలుగా.

[తెరపై: ఎక్కువ ఐఎస్ఓలో తీసిన షాట్, దానికి నాయిజ్ రిడక్షన్ వేసిన షాట్.]

మరి పాత 8-బిట్ ఫుటేజ్‌లో చాలాచోట్ల బ్యాండింగ్ ఎందుకు కనపడదు? నాయిజ్ (బొమ్మలో రేణువుల్లాంటి చుక్కలు) వల్ల. ఒక మెట్టంత నాయిజ్ ఉంటే చాలు, పట్టీ అంచు చెదిరిపోయి కంటికి నునుపుగా అనిపిస్తుంది. ఆడియోలోనూ ప్రింటింగ్‌లోనూ కావాలని చేసే డిథరింగ్ ఇదే, కెమెరా ఉచితంగా చేసిపెడుతోంది. తక్కువ ఐఎస్ఓ, మంచి వెలుతురు, కెమెరాలో నాయిజ్ రిడక్షన్ ఎక్కువ, బిట్‌రేట్ (సెకనుకు రాసే డేటా) తక్కువ: ఈ నాలుగూ కలిశాయా, బ్యాండింగ్ తప్పదు. అందుకే శుభ్రమైన నీలాకాశం, సాదా స్టూడియో బ్యాక్‌గ్రౌండ్, పొగమంచు షాట్లు ముందు దెబ్బతింటాయి. ఆకులు, జనసందోహం, ఇటుక గోడ ఉన్న షాట్లలో 8-బిట్, 10-బిట్ తేడా వెతికినా దొరకదు.

"4కేలో 8-బిట్ తీసి 1080కి తగ్గిస్తే 10-బిట్ అవుతుంది" అన్న మాట వినే ఉంటారు. నాలుగు పిక్సెళ్లను సగటు చేస్తే మధ్య విలువలు పుడతాయన్నది నిజమే. కానీ ఆ నాలుగు పిక్సెళ్లూ వేర్వేరుగా ఉన్నప్పుడే. చదునైన ఆకాశంలో నాలుగూ ఒకే మెట్టు మీద కూర్చుంటాయి, సగటు కూడా అదే మెట్టు. ఎక్కడ కావాలో అక్కడే ఈ చిట్కా పనిచేయదు. రంగు శాంపిళ్ల విషయంలో మాత్రం లాభం ఉంది. 3840×2160లో 4:2:0 (రంగు సమాచారాన్ని తగ్గించి రాసే పద్ధతి) అంటే రంగు శాంపిళ్లు 1920×1080 ఉంటాయి కాబట్టి, 1080కి తగ్గించాక పిక్సెల్‌కొక రంగు శాంపిల్ దక్కుతుంది.

గ్రీన్ స్క్రీన్ చేసేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి. 4:2:0లో నాలుగు పిక్సెళ్లకు ఒక రంగు శాంపిల్, 4:2:2లో రెండింటికి ఒకటి. జుట్టు చుట్టూ అంచు మెట్లు మెట్లుగా తెగుతోందంటే ముందు చూడాల్సింది ఇది, బిట్ డెప్త్ తర్వాత.

[తెరపై: కెమెరా నుంచి ఎక్స్‌పోర్ట్ దాకా గొలుసు. ఒక లంకె ఎర్రగా మారుతుంది.]

ఇక కెమెరాలో 10-బిట్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. దారిలో ఎక్కడైనా 8-బిట్ గుండా వెళ్లిందంటే పోయిన మెట్లు తిరిగి రావు.

మొదటి చోటు కెమెరానే. పానాసోనిక్ జీహెచ్5 2017లో కెమెరాలోనే 4కే 10-బిట్ 4:2:2 రికార్డ్ చేసింది, కానీ 4కేలో 60 ఫ్రేములకు వెళ్తే కార్డు మీద పడేది 8-బిట్ 4:2:0. ఇలాంటి పరిమితులు చాలా కెమెరాల్లో ఉంటాయి. మెనూను నమ్మొద్దు, ఫైల్‌ను అడగండి. మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిస్తే బిట్ డెప్త్ అన్న వరసలో 8 ఉందో 10 ఉందో రాసి ఉంటుంది, దాని పక్కనే 4:2:0నో 4:2:2నో తెలుస్తుంది.

రెండోది బయటి రికార్డర్. రికార్డర్ ప్రోరెస్ 422లో రాస్తుంది, అది 10-బిట్ కోడెక్ (వీడియోను కుదించి రాసే పద్ధతి). కానీ హెచ్‌డీఎంఐ తీగలో కెమెరా పంపేది 8-బిట్ అయితే, పెద్ద డబ్బాలో చిన్న వస్తువు పెట్టినట్టే. ఫైల్ సమాచారంలో 10-బిట్ అనే ఉంటుంది, హిస్టోగ్రామ్‌లో మాత్రం దువ్వెన పళ్లు కనిపిస్తాయి. 8-బిట్ ఫైల్‌ను ప్రోరెస్‌కు మార్చుకుంటే ఎడిటింగ్ తేలికవుతుంది, ఒక్క మెట్టు కూడా పెరగదు.

మూడోది మధ్యలో చేసే ఫైళ్లు. డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ కోడెక్‌లో హెచ్‌క్యూ అని పేరు ఘనంగా ఉంటుంది గానీ అది 8-బిట్. 10-బిట్ నిలబడాలంటే పక్కనే ఉన్న హెచ్‌క్యూఎక్స్ ఎంచుకోవాలి. ఒక్క అక్షరం తేడా.

నాలుగోది సాఫ్ట్‌వేర్. డావిన్సీ రిజాల్వ్ లోపల లెక్కలన్నీ 32-బిట్ ఫ్లోట్‌లో చేస్తుంది, చింత లేదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో మాత్రం ప్రాజెక్ట్ ప్యానెల్ అడుగున 8 బీపీసీ (ఛానెల్‌కు బిట్లు) అని ఉందేమో చూడండి. ఆల్ట్ పట్టుకుని దానిమీద నొక్కితే 16కు, మళ్లీ నొక్కితే 32కు మారుతుంది. ప్రీమియర్‌లో సీక్వెన్స్ సెట్టింగ్స్‌లోనూ ఎక్స్‌పోర్ట్‌లోనూ మాగ్జిమమ్ బిట్ డెప్త్ టిక్ ఉండాలి.

ఒక్కోసారి తప్పు ఫైల్‌ది కానే కాదు. వేవ్‌ఫార్మ్‌లో (బొమ్మలో వెలుగు మట్టాన్ని చూపే పటం) ఆకాశం ఎడతెగని వాలుగా ఉండి, తెరమీద మాత్రం చారలు కనపడుతున్నాయంటే అది మానిటర్ లోపం. పట్టీల అంచులు చతురస్రపు గడుల్లా ఉన్నాయంటే కంప్రెషన్, బిట్‌రేట్ చాలలేదు.

[తెరపై: టైమ్‌లైన్ తడబడుతూ ఆడుతుంది.]

10-బిట్‌కు ఖర్చు ఎంత? కంప్రెస్ చేయని 1080, 25 ఫ్రేములు, 4:2:2 వీడియోకు 8-బిట్‌లో సెకనుకు సుమారు 829 మెగాబిట్లు, 10-బిట్‌లో 1037. పావు వంతు ఎక్కువ. కంప్రెస్ చేసిన ఫైల్ సైజు మాత్రం మెనూలో మీరు పెట్టిన బిట్‌రేట్‌ను బట్టి ఉంటుంది. అసలు భారం కంప్యూటర్ మీద. హెచ్.264లో 10-బిట్ 4:2:2ని చాలా గ్రాఫిక్స్ చిప్‌లు హార్డ్‌వేర్‌తో విప్పలేవు, పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. హెచ్.265లో 10-బిట్ 4:2:2ని యాపిల్ సిలికాన్, ఇంటెల్ కొత్త తరాల క్విక్‌సింక్ విప్పగలవు. ఎన్‌విడియాలో ఆ 4:2:2 సదుపాయం 50 సిరీస్‌తో గానీ రాలేదు. మీ మెషిన్ తడబడుతుంటే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసే తేలికపాటి నకళ్లు) చేసుకోండి. ప్రాక్సీ 8-బిట్ అయినా ఫర్వాలేదు, రంగులు సరిచేసేటప్పుడూ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడూ అసలు ఫైళ్లకు మారడం మరిచిపోకండి.

హెచ్‌డీఆర్ (ఎక్కువ వెలుగు తేడాను చూపే వీడియో) చేసేవాళ్లకు ఈ చర్చే లేదు. హెచ్‌డీఆర్‌కు ఉన్న బీటీ.2100 ప్రమాణం 10-బిట్ లేదా 12-బిట్‌నే ఒప్పుకుంటుంది. అందులోని పీక్యూ కర్వ్ 10,000 నిట్ల (తెర వెలుగు కొలత) దాకా వెళ్తుంది, అంత ఎత్తుకు 256 మెట్లు ఏ మూలకూ చాలవు. 2020లో వచ్చిన ఐఫోన్ 12 డాల్బీ విజన్ రికార్డింగ్ 10-బిట్‌లో చేసేది అందుకే.

అయితే ఎస్‌డీఆర్, అంటే హెచ్‌డీఆర్ కాని మామూలు వీడియో చివరికి ప్రేక్షకుడికి చేరేది ఎక్కువగా 8-బిట్ 4:2:0గానే. మరి ఇంత కష్టం ఎందుకు? సాగదీసేది ఆ దశకు ముందే కాబట్టి. 10-బిట్‌లో గ్రేడ్ చేసి చివర్లో ఒక్కసారి 8-బిట్‌కు దించితే ఖాళీ మెట్లు ఉండవు. దించేముందు సన్నపాటి గ్రెయిన్ వేస్తే మిగిలిన అంచులూ చెదిరిపోతాయి. అప్‌లోడ్ చేసే ఫైల్ బిట్‌రేట్ ఎక్కువగా పెట్టండి, లేకపోతే వేసిన గ్రెయిన్‌నంతా కంప్రెషన్ మింగేస్తుంది. 8-బిట్‌లో ఇప్పటికే తీసేసిన షాట్‌లో చారలు వస్తున్నా మందు ఇదే: గ్రేడ్ తర్వాత, ఆకాశం వరకు మాస్క్ గీసి, గ్రెయిన్.

[తెరపై: సాదా గోడ, ఒక పక్క నుంచి దీపం.]

మీ కెమెరాలో తేడా ఎంతో చూడటానికి పది నిమిషాలు చాలు. సాదా గోడకు ఒక పక్కనుంచే దీపం పెట్టండి, వెలుగు మెల్లగా తగ్గుతూ పోవాలి. గోడ గరుకుతనం కనపడకుండా ఫోకస్ కాస్త తప్పించండి. బేస్ ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్ చేతితో, నాయిజ్ రిడక్షన్ తక్కువలో. మీరు రోజూ వాడే ప్రొఫైల్‌తో 8-బిట్‌లో పది సెకన్లు, 10-బిట్‌లో పది సెకన్లు తీయండి. రెండిటికీ మీరు మామూలుగా వేసే గ్రేడ్‌నే వేయండి, పరీక్ష కదా అని అతిగా లాగొద్దు. బొమ్మను 100 శాతంలో పెట్టి, పక్కన ఆర్‌జీబీ పెరేడ్ (మూడు ఛానెళ్ల వేవ్‌ఫార్మ్‌లు పక్కపక్కన) తెరిచి చూడండి. తర్వాత ప్రొఫైల్ మార్చి మళ్లీ తీయండి. మామూలు ప్రొఫైల్‌లో రెండూ ఒకేలా ఉండి, లాగ్‌లో 8-బిట్ చారలు తేలిందంటే, ఏ పనికి ఏ సెట్టింగ్ పెట్టుకోవాలో ఆ గోడే చెప్పినట్టు.